అలాస్కా ఓడలో మన వార్తలు: గది టీవీ, వైఫై, రేవు సిగ్నల్... ఏది మేలు?

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వేసవిలో తీసుకెళ్లే ప్రయాణాల్లో అలాస్కా క్రూయిజ్ ఒకటి. సియాటిల్‌లో ఎక్కితే సాధారణంగా ఏడు రాత్రులు. జూనో, స్కాగ్‌వే, కెచికాన్ లాంటి రేవులు, హిమానీనదాలు, తిరుగు దారిలో చాలా ఓడలకు కెనడాలోని విక్టోరియా. చలికోట్లు, శాకాహార భోజనం గురించి ముందే ఆరా తీస్తారు. రాత్రి తొమ్మిది గంటల వార్తలు చూడనిదే ముద్ద దిగని నాన్నగారి సంగతి మాత్రం ఓడ కదిలాక గుర్తొస్తుంది.

అన్నిటికంటే ముందు గడియారం చూసుకోవాలి. వేసవిలో అలాస్కా మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. హైదరాబాద్‌లో రాత్రి 9 గంటల బులెటిన్ మొదలయ్యేసరికి ఓడలో ఉదయం 7.30, అంటే టిఫిన్ల వేళ. రాత్రి 7.30కి మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ తెల్లవారుజామున 6 గంటలకు వస్తుంది. ఒక లాభం కూడా ఉంది. మంగళవారం తెల్లవారుజామున 5 గంటలకు ఇక్కడ పేపరు గుమ్మంలో పడే వేళకు అక్కడ ఇంకా సోమవారం మధ్యాహ్నం 3.30. రేపటి పేపరు ఈ రోజే చదివేయవచ్చు. ఏది మేలన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉందని నా ఉద్దేశం.

గది టీవీ ఉచితం. రిమోట్ నొక్కుతూ వెళ్తే భద్రతా సూచనల వీడియో, రేవుల్లో ఏ విహారయాత్ర కొనుక్కోవాలో ఊదరగొట్టే చానల్, ఓడ ముందు భాగంలోని కెమెరా, పటం మీద ఓడ జాడ, వేగం, గాలి వివరాలు వస్తాయి. ఆ తర్వాత నాలుగైదు ఇంగ్లీషు వార్తా చానళ్లు ఉండవచ్చు. సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్, బీబీసీల్లో ఏవి వస్తాయన్నది ఓడ సంస్థను బట్టి మారుతుంది. తెలుగు చానల్ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ప్రపంచంలో పెద్ద సంఘటన జరిగితే తెలుస్తుంది, మన అసెంబ్లీలో ఏం జరిగిందో తెలియదు. ఫోన్‌లోని వీడియోను ఆ తెరమీదికి ఎక్కిద్దామంటే చాలా ఓడల్లో టీవీకి తీగ కలిపే హెచ్‌డీఎంఐ దారి మూసి ఉంటుంది. పైగా పాత పద్ధతి ఉపగ్రహ ప్రసారాలు భూమధ్యరేఖ మీద సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాల నుంచి వస్తాయి. జూనో దగ్గర ఆ ఉపగ్రహాలు ఆకాశంలో బాగా కిందకు వాలి ఉంటాయి. ఓడ ఇరుకైన జలమార్గంలోకి వెళ్లి పక్కన కొండ అడ్డం వచ్చిందంటే యాంకర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే బొమ్మ బిగుసుకుపోతుంది. అయినా కెమెరా చానల్ కోసం ఆ టీవీ పెట్టుకోదగ్గదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు డెక్ ఎక్కకుండానే ముందున్న దృశ్యం చూడవచ్చు.

వైఫై సంగతి వేరు, ఇక్కడే ఖర్చు. 2022లో రాయల్ కరీబియన్ తన ఓడలన్నిటికీ స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ పెడతామని ప్రకటించాక మిగతా పెద్ద సంస్థలూ ఆ దారి పట్టాయి. ఈ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, సంఖ్య కూడా వేలల్లో. ఒకటి కొండచాటుకు వెళ్తే ఇంకొకటి అందుకుంటుంది. యూట్యూబ్‌లో తెలుగు చానళ్ల ప్రత్యక్ష ప్రసారం చూడటానికి ఇది చాలు. అయితే ప్లాన్ పేరు చదవకుండా కొనకూడదు. చౌకవాటిలో సందేశాలు, సోషల్ మీడియా వస్తాయి, వీడియో రాదు. వీడియో ఇచ్చేవి ఒక పరికరానికి రోజుకు సుమారు 15 నుంచి 30 డాలర్ల దాకా ఉంటాయి. ఓడ ఎక్కకముందే కొంటే తరచు తక్కువకు వస్తుంది. నలుగురికీ నాలుగు ప్లాన్లు కొనడం నా దృష్టిలో దండగ. చాలా సంస్థల్లో ఒకే ప్లాన్‌ను ఒక ఫోన్‌లో లాగవుట్ చేసి ఇంకో ఫోన్‌లో వాడుకోవచ్చు. నాన్నగారి బులెటిన్ అయ్యాక అమ్మ వీడియో కాల్ అన్నమాట.

ఇండియాలో చందా కట్టిన జియోహాట్‌స్టార్ ఓడలో తెరుచుకుంటుందని లెక్క వేసుకోకండి. ఆ హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి. అమెరికాలో క్రికెట్‌కు ఎక్కువమంది నమ్ముకునేది విల్లో అనే క్రికెట్ చానల్. పిల్లల ఇంట్లో ఆ చందా ఉంటే ఆ లాగిన్ పట్టుకెళ్లడం తెలివైన పని. ఫోను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్‌తో నెట్టుకొద్దామంటే కొన్ని ఓడల్లో దాన్నీ అడ్డుకుంటారు.

ఇక రేవు సిగ్నల్. డబ్బు కలిసొచ్చేది దీనితోనే, కానీ మన వేళకు రాదు. జూనోలో దిగితే మామూలు మొబైల్ నెట్‌వర్క్ పనిచేస్తుంది. రేవు పక్కనే పార్కింగ్ భవనం పై అంతస్తులో ఊరి గ్రంథాలయం ఉంది, అక్కడ ఉచిత వైఫై కూడా దొరుకుతుంది. కానీ జూనో జనాభా 32,000 ప్రాంతం. 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలు మించకూడదని ఒప్పందం చేసుకోవలసి వచ్చిన ఊరు అది. ఐదూ వచ్చిన రోజున వేలమంది ఒక్కసారే ఫోన్లు తీస్తే ఎంత మంచి నెట్‌వర్కయినా నీరసిస్తుంది. హిమానీనదాలున్న జాతీయ పార్కు గ్లేసియర్ బేలో గడిపే రోజు మొబైల్ సిగ్నల్ దాదాపు ఉండదు. ఆ రోజు వార్తలు మానుకోవడమే మంచిది లెండి. పార్కు రేంజర్లు ఓడ ఎక్కి వ్యాఖ్యానం చెబుతుంటారు, అది వినదగ్గది.

ఇండియా సిమ్‌తో వచ్చినవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. అమెరికాకు తీసుకున్న రోమింగ్ ప్యాకులో కెనడా ఉందా అన్నది ఒకటి. విక్టోరియాలోనే కాదు, బ్రిటిష్ కొలంబియా తీరం వెంట వెళ్లేటప్పుడు కూడా ఫోను కెనడా టవర్‌ను పట్టుకోగలదు. రెండోది, నడిసముద్రంలో ఓడకే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మామూలు రోమింగ్ ప్యాకులు సాధారణంగా దానికి వర్తించవు, నిమిషాల మీద బిల్లు పేరుకుపోతుంది. రేవు దాటగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేయండి.

నా మొగ్గు మాత్రం ఈ మూడింటికీ పక్కనున్న దారి మీద: ఈ-పేపరు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, ఏదైనా సరే. దించుకోవడానికి వీడియో ప్లాన్ అక్కర్లేదు, వెబ్ పేజీలు తెరిచే మధ్యరకం ప్లాన్ చాలు. మధ్యాహ్నం టీ వేళకు జిల్లా పేజీతో సహా రేపటి పత్రిక చేతిలో ఉంటుంది. చదివే అలవాటున్న పెద్దవాళ్లకు చర్చా కార్యక్రమాల అరుపులకంటే ఇదే హాయి. వాటిలో ఒక రోజు చెప్పిందే మర్నాడూ చెబుతారు. ఏడు రోజులు చూడకపోతే పోయేది లేదు. చూపు మందగించి చదవలేనివాళ్లకైతే వీడియో ప్లాన్ ఒకటి తీసుకోవాల్సిందే, అందులో బేరాలు వద్దు.

కొన్ని రోజులకు ఈ లెక్క పనికిరాదు. 2024 జూన్ 4న ఉదయం 8 గంటలకు ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ల లెక్కింపు మొదలైనప్పుడు అలాస్కాలో జూన్ 3 సాయంత్రం 6.30. అదే నెల 29న బార్బడోస్‌లో భారత్, దక్షిణాఫ్రికా టీ20 ప్రపంచకప్ ఫైనల్ మొదలైంది అలాస్కాలో ఉదయం 6.30కి. అలాంటి రోజున ఈ-పేపరు ఇచ్చి కూర్చోబెడితే ఇంట్లో మాట దక్కదు. కొన్ని సంస్థలు 24 గంటల వైఫై కూడా అమ్ముతాయి. దాని గడువు మొదటిసారి లాగిన్ అయినప్పటి నుంచి నడుస్తుందో, ఓడ గడియారంలో రాత్రి పన్నెండింటికి ముగుస్తుందో కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. లెక్కింపు సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటి సాగే రోజున ఈ తేడాకు ఇంకో రోజు డబ్బు కట్టవలసి వస్తుంది.