కెర్నల్‌లో రిఫరెన్స్ కౌంట్: అటామిక్_టీ, రెఫ్‌కౌంట్_టీ, కెరెఫ్‌లలో ఏది మేలు?

భీమవరం, కాకినాడ, అమలాపురం వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు ఈమధ్య సొంతంగా లైనక్స్ డ్రైవర్లు రాస్తున్నారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకే రకం ప్రాజెక్టు. రొయ్యల చెరువు గట్టు మీద చిన్న బోర్డు, దానికి యూఎస్‌బీలో నీటి ఆక్సిజన్ కొలిచే సెన్సర్. అడిగే ప్రశ్న కూడా ఒకటే: "సార్, డివైస్ స్ట్రక్చర్‌కి రిఫరెన్స్ కౌంట్ పెట్టాలి. అటామిక్_టీ సరిపోతుందా, రెఫ్‌కౌంట్_టీ వాడాలా, కెరెఫ్ వాడాలా?"

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. ఒక ఆబ్జెక్ట్‌ని ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టేదే రిఫరెన్స్ కౌంట్: పట్టుకునేటప్పుడు గెట్ ఒకటి పెంచుతుంది, వదిలేటప్పుడు పుట్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ఆ మెమరీ ఫ్రీ చేయాలి. ఇంతవరకు మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఒకేసారి ఎన్ని సీపీయూలు మార్చినా లెక్క తప్పని మామూలు కౌంటర్ అటామిక్_టీ. దాని సంగతి ముందు తేల్చేద్దాం. స్టాటిస్టిక్స్‌కి, సీక్వెన్స్ నంబర్లకి నిక్షేపంగా వాడుకోండి. ఆబ్జెక్ట్ ఆయుష్షు లెక్కపెట్టడానికి మాత్రం కొత్త కోడ్‌లో వద్దు. ఎందుకో తెలియడానికి 2016 జనవరిలో బయటపడ్డ సీవీఈ-2016-0728 అనే భద్రతా లోపం చాలు. ఒక ప్రాసెస్ తాను అప్పటికే ఉన్న సెషన్ కీరింగ్‌లోనే (కెర్నల్ దాచే తాళంచెవుల గుత్తి) మళ్లీ చేరమని అడిగితే, కెర్నల్ కౌంట్ ఒకటి పెంచి, తగ్గించకుండానే వెనక్కి వచ్చేసేది. 3.8 వెర్షన్ నుంచి ఉన్న తప్పు అది. అడిగినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. కౌంట్ 32 బిట్లే కాబట్టి 429 కోట్ల పైచిలుకు సార్లు అడిగితే తిరిగి సున్నాకి వస్తుంది. వాడేవాళ్లు ఉండగానే మెమరీ ఫ్రీ అవుతుంది. ఆ ఖాళీలో దాడి చేసేవాడు తన డేటా పెట్టుకుని రూట్ (సిస్టమ్‌పై సర్వాధికారి) అయిపోతాడు. అంతకీ అసలు తప్పు ఒక్క పుట్ మర్చిపోవడమే. అటామిక్_టీ దాన్ని సిస్టమ్ మొత్తం చేజారే దాకా తీసుకెళ్లింది.

రెఫ్‌కౌంట్_టీ ఆ దారి మూసేసింది. పీటర్ జైల్‌స్ట్రా రాసిన ఈ రకం 2017లో 4.11తో కెర్నల్‌లోకి వచ్చింది. ఎలీనా రెషెతోవా, ఇంకొందరు కలిసి పాత అటామిక్_టీ కౌంట్లను ఒక్కో సబ్‌సిస్టమ్‌లో దీనికి మార్చుకుంటూ వచ్చారు. కౌంట్ పొంగిపొర్లబోతే అది ఒక విలువ దగ్గర బిగుసుకుపోతుంది. ఇక సున్నాకి రాదు, ఆ ఆబ్జెక్ట్ ఎప్పటికీ ఫ్రీ అవ్వదు. మెమరీ లీక్ అవుతుంది కానీ దాడికి సందు దొరకదు. సున్నా మీద పెంచినా, సున్నా కిందకు దించినా డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) వార్నింగ్ వేసి అదే విలువకు తోసేస్తుంది. విల్ డీకన్ 5.5లో దీన్ని తిరగరాసినప్పుడు ఆ విలువను ఇంట్ కనిష్ఠంలో సగం దగ్గర పెట్టారు. అటూ ఇటూ బోలెడు ఎడం ఉంటుంది కాబట్టి, ఎన్ని సీపీయూలు ఒకేసారి పెంచినా తగ్గించినా కౌంట్ అక్కడినుంచి జారి సున్నాకి రావడం జరగని పని. ఖర్చు కూడా డ్రైవర్ స్థాయిలో లెక్కలోకి రానంత తక్కువ.

కెరెఫ్ వీటి మధ్యది కాదు. 2004లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ తెచ్చిన పాత ఏర్పాటు ఇది. 4.11 నుంచి దీని లోపల ఉన్నది రెఫ్‌కౌంట్_టీయే. "కెరెఫ్ పాతది, రెఫ్‌కౌంట్_టీ సేఫ్" అని నాతో వాదించినవాళ్లు హెడర్ ఫైల్ ఒకసారి తెరిచి చూడాలి. పొంగిపొర్లే విషయంలో రెండూ సమానమే.

మరి తేడా ఎక్కడ? నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: మీ ఆబ్జెక్ట్‌ని ఎవరైనా వెతికి పట్టుకుంటారా? వెతికితే, ఆ వెతుకులాటకీ చివరి పుట్‌కీ మధ్య ఎవరు కాపలా ఉన్నారు?

చెరువు గట్టు మీద ఏం జరుగుతుందో చూడండి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఏరియేటర్లు తిరుగుతుంటాయి, సెన్సర్ రీడింగ్ అప్పుడే కావాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు యూఎస్‌బీ హబ్ ఒకసారి పడి లేస్తుంది. కెర్నల్‌కి మాత్రం ఎవరో కేబుల్ పీకి మళ్లీ పెట్టినట్టే కనిపిస్తుంది. డిస్‌కనెక్ట్ ఫంక్షన్ నడుస్తుంటుంది. అదే క్షణంలో యూజర్ ప్రోగ్రామ్ డివైస్ ఫైల్ ఓపెన్ చేస్తుంటుంది. ఓపెన్ మీ డివైస్‌ల పట్టికలో వెతికి పాయింటర్ తీసుకుంది, గెట్ ఇంకా చేయలేదు. ఈలోగా ఇంకో సీపీయూ మీద చివరి పుట్ జరిగి మెమరీ ఫ్రీ అయిపోయింది. ఇప్పుడు ఓపెన్ చేసే గెట్ రేవు వదిలేసిన పంటుకి టికెట్ కొనడం లాంటిది.

ఇక్కడ రెఫ్‌కౌంట్_టీ ఆదుకుంటుందనుకోవడం అదృష్టాన్ని నమ్ముకోవడమే. ఆ మెమరీలో పాత సున్నా ఇంకా ఉంటే వార్నింగ్ వస్తుంది. ఈలోపు ఇంకెవరికైనా ఆ మెమరీ కేటాయించి ఉంటే అక్కడ ఏ అంకె ఉంటుందో ఎవరికి తెలుసు? గెట్ నిశ్శబ్దంగా వాళ్ల డేటాలో ఒకటి కలిపి పోతుంది. ఏ కౌంటర్ రకమూ దీన్ని ఆపలేదు, లాక్ మాత్రమే ఆపగలదు. కెరెఫ్ డాక్యుమెంటేషన్‌లో మూడో నియమం ఇదే చెబుతుంది: అప్పటికే మీ చేతిలో చెల్లే పట్టు (రిఫరెన్స్) లేకుండా కొత్తగా గెట్ చేయాలంటే, ఆ గెట్ జరుగుతుండగా పుట్ జరగకుండా మీరే చూసుకోవాలి.

దీనికి మంచి ఉదాహరణ కెర్నల్ సోర్స్‌లోనే ఉంది, యూఎస్‌బీ స్కెలిటన్ అనే నమూనా డ్రైవర్. ప్రోబ్‌లో (డివైస్ దొరకగానే నడిచే ఫంక్షన్) కౌంట్‌ను ఒకటి చేసే కెరెఫ్ ఇనిట్, ఓపెన్‌లో గెట్, రిలీజ్‌లో పుట్, డిస్‌కనెక్ట్ చివర్లో పుట్. ఓపెన్‌లో ఉన్నది మామూలు గెట్టే. "సున్నా కాకపోతేనే" అనే జాగ్రత్త రకం కాదు. మరి రేస్, అంటే ఇందాక చెప్పిన ఓపెన్-పుట్ పోటీ, ఎందుకు లేదు? జవాబు ఆ ఫైల్‌లో కనిపించదు, యూఎస్‌బీ కోర్‌లో ఉంది. మైనర్ నంబర్ల (డివైస్ ఫైళ్ల సంఖ్యలు) పట్టికకు రీడ్-రైట్ సెమాఫోర్ అనే లాక్ ఉంది. రీడ్‌గా చాలామంది, రైట్‌గా ఒక్కరే పట్టుకోగలరు. కోర్ దాన్ని రీడ్‌గా పట్టుకుని ఉండగానే డ్రైవర్ ఓపెన్‌ను పిలుస్తుంది. డివైస్‌ని పట్టిక నుంచి తీసేసే డీరిజిస్టర్ అదే సెమాఫోర్‌ను రైట్‌గా పట్టుకుంటుంది. కాబట్టి ఓపెన్ మధ్యలో ఉండగా డీరిజిస్టర్ ముందుకు కదలదు. డిస్‌కనెక్ట్‌లో పుట్ డీరిజిస్టర్ తర్వాతే ఉంది కాబట్టి ప్రోబ్ పెట్టిన పట్టు అప్పటిదాకా సజీవం. ఆ రెండు లైన్లు తారుమారు చేసి పుట్ ముందు పెట్టండి, డ్రైవర్ కంపైల్ అవుతుంది, టేబుల్ మీద పని చేస్తుంది, గట్టు మీద పడిపోతుంది.

నాకు నచ్చే పద్ధతి కూడా ఇదే. పట్టికకు సొంతంగా ఒక కౌంట్ ఉంచండి. వెతకడం, గెట్ చేయడం ఒకే లాక్ కింద జరగాలి. తీసేటప్పుడు ముందు ఆ లాక్ కింద పట్టిక నుంచి తప్పించి, ఆ తర్వాతే పట్టిక తాలూకు పుట్. ఇలా చేస్తే మామూలు గెట్ చాలు, చదివేవాళ్లకీ తేలిగ్గా అర్థమవుతుంది. పట్టికకు కౌంట్ ఉండకూడని చోట, అంటే అందరూ వదిలేస్తే తనంతట తాను పోవాల్సిన ఆబ్జెక్ట్ అయితే, కెరెఫ్_పుట్_మ్యూటెక్స్ ఉంది. కౌంట్ ఒకటి నుంచి సున్నాకి దిగేటప్పుడు మాత్రమే అది మ్యూటెక్స్ (ఒక్కరే పట్టుకోగల లాక్) పట్టుకుంటుంది. ఆ మ్యూటెక్స్‌ను మీ రిలీజ్ ఫంక్షనే వదలాలని మర్చిపోకండి. ఆర్‌సీయూ (లాక్ లేకుండా చదివే పద్ధతి) కింద వెతికితే కెరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో వాడి, వచ్చిన విలువ తప్పకుండా చూసుకుని, ఫ్రీని కేఫ్రీ_ఆర్‌సీయూతో చేయాలి. లేకపోతే సున్నా ఉందా అని చూడటానికి అక్కడ మెమరీయే ఉండదు.

ఇవన్నీ రెఫ్‌కౌంట్_టీతోనూ చేయవచ్చు. అయినా డ్రైవర్ రాసేవాళ్లకు నేను చెప్పేది కెరెఫే. పుట్ చేసే ప్రతిచోటా రిలీజ్ ఫంక్షన్ పేరు ఇవ్వాల్సిందే కాబట్టి, ఆయుష్షు తీరినప్పుడు జరిగే పనంతా ఒక్కచోటికి చేరుతుంది. రివ్యూ చేసేవాళ్లు మొదట ఆ ఫంక్షన్ చదువుతారు. రెఫ్‌కౌంట్_టీతో "సున్నా అయిందా, అయితే ఇది ఫ్రీ చెయ్" అనే ఇఫ్ బ్లాక్ మూడుచోట్ల మూడు రకాలుగా రాసేస్తారు. ఒకచోట యూఆర్‌బీ (యూఎస్‌బీ డేటా బదిలీకి వాడే స్ట్రక్చర్) ఫ్రీ చేయడం మర్చిపోతారు. చోటును బట్టి చేసే పని నిజంగానే మారితే, లేదా సబ్‌సిస్టమ్ మెయింటైనర్ అలవాటు అదే అయితే, రెఫ్‌కౌంట్_టీ నేరుగా వాడండి. అందులో తప్పేమీ లేదు.

ఇంకో మాట. కౌంట్ కాపాడేది మెమరీనే, డివైస్‌ని కాదు. స్కెలిటన్ డ్రైవర్‌లో మ్యూటెక్స్ కింద ఒక "డిస్‌కనెక్టెడ్" ఫ్లాగ్ ఉండేది అందుకే. ఫైల్ తెరిచి ఉంచిన ప్రోగ్రామ్‌కి స్ట్రక్చర్ ఉంటుంది, సెన్సర్ ఉండదు. రీడ్ ఆ ఫ్లాగ్ చూసి ఎర్రర్ ఇవ్వాలి.

పర్‌సీపీయూ_రెఫ్, లాక్‌రెఫ్ అనే ఇంకో రెండు కౌంటర్ల గురించి అడిగారు కొందరు. మొదటిది బ్లాక్ లేయర్, సీగ్రూప్‌ల్లాంటి, క్షణక్షణం నడిచే దారులకు, రెండోది డెంట్రీలకు (ఫైల్ పేర్ల రికార్డులు). సెన్సర్ డ్రైవర్‌కి రెండూ అక్కర్లేదు.

రస్ట్ భాషలో రిఫరెన్స్ లెక్క తనే చూసుకునే ఆర్క్ ఉంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1తో కెర్నల్‌లోకి రస్ట్ మద్దతు మొదలైంది. కెర్నల్ ఆర్క్ కూడా రెఫ్‌కౌంట్_టీ మీదే నడుస్తుంది. ఎర్రర్ దారిలో పుట్ మర్చిపోవడం అనే బెడద దానితో చాలావరకు పోతుంది, చేతిలో చెల్లే ఆర్క్ లేకుండా క్లోన్ చేయనివ్వదు కూడా. అది చూస్తే నాకు ఎంతో ఆశగా ఉంది. కాకపోతే మీ బోర్డులతో వచ్చే కెర్నల్ 5.10, 5.15 అయితే ఆ అవకాశమే లేదు.

సీ భాషలో లీక్‌లు ఎక్కువగా వచ్చేది మీరు రాయని గెట్‌ల వల్ల. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల చెట్టు) పిల్ల నోడ్‌ల మీద తిరిగే ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్ ప్రతి నోడ్‌ని తనే గెట్ చేస్తుంది, తర్వాతి దానికి వెళ్లేటప్పుడు తనే పుట్ చేస్తుంది. మధ్యలో రిటర్న్ చేస్తే ఆ పుట్ మీ బాధ్యత. డివైస్‌ని నిద్రలేపే పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ ఫెయిలైనా కౌంట్ పెంచే ఉంచుతుంది. దాని బదులు పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ వాడండి.

చెరువు దగ్గరకు తీసుకెళ్లే ముందు కేసాన్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసిన కెర్నల్ మీద డ్రైవర్ వేయండి. ఒక స్క్రిప్ట్ ఆగకుండా ఓపెన్, రీడ్, క్లోజ్ చేస్తుండగా సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఆథరైజ్డ్ ఫైల్‌లో సున్నా, ఒకటి రాస్తూ డివైస్‌ని తీసి పెడుతూ ఉండండి. రెఫ్‌కౌంట్_టీ వార్నింగ్‌లు ఒక్కో రకానికి బూట్‌కి ఒక్కసారే వస్తాయి. రెండోసారి డీమెసేజ్ ఖాళీగా కనిపించిందని బగ్ పోయిందనుకోకండి. ప్రతి పరుగుకి ముందు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో క్లియర్_వార్న్_వన్స్ ఫైల్‌లోకి ఒకటి రాసి మొదలుపెట్టండి.