నాయిస్, సింథ్ సంగీతానికి ఇంటి స్టూడియో: మిర్యాలగూడలో కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, ఈ సెటప్ మీద నేను పెట్టిన డబ్బులో అన్నిటికంటే పనికొచ్చింది సింథసైజర్‌కి (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) పెట్టింది కాదు, పెరట్లో ఎర్తింగ్ గుంతకి పెట్టింది. నేను చేసేది నాయిస్, అంటే రొదనే సంగీతంగా మలచడం. "చేసేదే నాయిస్ కదా, కొంచెం హమ్ (కరెంటు వల్ల స్పీకర్లలో వచ్చే గుయ్) ఉంటే ఏమైంది" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కోరి చేసుకునే రొద వేరు, పిలవకుండా వచ్చి కూర్చునే గుయ్ వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే కీబోర్డు మీద కింది జి స్వరానికి కాస్త పైన. డిస్టార్షన్ (శబ్దాన్ని చీల్చే ఎఫెక్ట్) పెంచితే అది పెరుగుతుంది, కంప్రెసర్ (చిన్న శబ్దాల్ని పైకి లేపేది) పెడితే ఇంకా ముందుకొస్తుంది, చివరికి మీరు ఏ పీస్ చేసినా అన్నిటి అడుగునా అదే జి మోగుతూ ఉంటుంది. అందుకే ఈ సమీక్ష కరెంటుతోనే మొదలు.

మాది పాత ఇల్లు. వైరింగ్‌లో ఎర్త్ వైరు పేరుకి ఉంది కానీ అది ఎటూ పోదు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు మీటర్ పెట్టి చూస్తే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉండకూడనంత వోల్టేజి. గుంత తీసి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి కప్పాక హమ్ చాలావరకు పడిపోయింది. మన నల్గొండ వైపు నేల కింద రాయి, ఎండాకాలం తడి అసలుండదు, కాబట్టి మార్చి నుంచి వర్షాలు పడేదాకా ఆ గుంతలో అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోయాల్సిందే. పోయని వారం తేడా హెడ్‌ఫోన్‌లో తెలిసిపోతుంది. బోరు మోటారు ఉన్న లైను మీద స్టూడియో పెట్టొద్దు. స్టార్టర్ నొక్కగానే లైటు మసకబారుతుంది, రికార్డింగులో టక్కున ఒక దెబ్బ పడుతుంది. మీటర్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించుకోండి.

ఇన్వర్టర్ సంగతి ఇంకా ముఖ్యం. మామూలు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కరెంటు మారగానే స్పీకర్లు జుయ్యిమంటాయి, ఎందుకంటే ఆ వేవ్‌లో 50తో ఆగదు, 150, 250, 350 ఇలా బేసి హార్మోనిక్స్ అన్నీ ఉంటాయి, అవి చెవికి బాగా వినపడే చోటే పడతాయి. ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి, ఖరీదు ఎక్కువే, అయినా తీసుకోండి. లాప్‌టాప్ చార్జర్ పీకగానే కిచకిచ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారుల మధ్య తిరిగే కరెంటు), బ్యాటరీ మీద రికార్డ్ చేసుకోండి, లేదంటే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సిగ్నల్‌ని తీసుకుని ముందుకు పంపే చిన్న పెట్టె) పెట్టండి. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసి వాడమనే సలహా మాత్రం ఎవరిచ్చినా వినకండి, అది ప్రాణాలతో చెలగాటం.

ఇక సింథ్. నాది కోర్గ్ ఎంఎస్-20 మినీ. అసలు ఎంఎస్-20 వచ్చింది 1978లో, దాన్నే 86 శాతం సైజుకి తగ్గించి 2013లో మినీగా మళ్లీ తెచ్చారు. రెండు ఆసిలేటర్లు (స్వరం పుట్టించేవి), ఒక హైపాస్ (కింది స్వరాల్ని కోసేది), ఒక లోపాస్ (పై స్వరాల్ని కోసేది) ఫిల్టర్, కుడిపక్కన వైర్లతో భాగాల్ని కలుపుకునే ప్యాచ్ ప్యానెల్. ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, చేసిన సౌండును దాచుకునే మెమరీ లేదు. పాటలకు బ్యాకింగ్ వాయించేవాళ్లకు ఇది పనికిరాదు. నాయిస్‌కి మాత్రం దీనిమీద నాకు ఇప్పటికీ ప్రేమ తగ్గలేదు. రెండు ఫిల్టర్ల పీక్ నాబ్‌లూ పైకి తిప్పితే ఆసిలేటర్ లేకుండానే ఫిల్టర్లే అరవడం మొదలుపెడతాయి. పింక్ నాయిస్, వైట్ నాయిస్ విడి విడి జాకుల్లో బయటికొస్తాయి, దేన్ని దేనికైనా కలపొచ్చు. ఒకటి తెలుసుకుని కొనండి: దీని పిచ్ వోల్టేజి (స్వరం ఎత్తు చెప్పే వోల్టేజి) హెర్ట్జ్ పర్ వోల్ట్ పద్ధతి, యూరోరాక్ మాడ్యూళ్లది (విడి విడిగా కొని ర్యాకులో బిగించుకునే సింథ్ భాగాలు) వోల్ట్ పర్ ఆక్టేవ్. నేరుగా కలిపితే శ్రుతి కుదరదు. నాకు శ్రుతితో పని తక్కువ కాబట్టి ఇబ్బంది రాలేదు.

దీంట్లో నన్ను కట్టిపడేసింది ప్యానెల్ కింది భాగంలో ఉన్న ఎక్స్‌టర్నల్ సిగ్నల్ ప్రాసెసర్. బయటి శబ్దం ఏదైనా అందులోకి పంపితే, దాని పిచ్‌ని ఒక వోల్టేజిగా, హెచ్చుతగ్గుల్ని ఇంకో వోల్టేజిగా, గట్టి దెబ్బల్ని ట్రిగ్గర్లుగా (సింథ్‌ని మోగించే సంకేతాలు) విడదీసి ఇస్తుంది. మా మేనమామ వాళ్లకి రైస్ మిల్లుంది. మిర్యాలగూడలో మిల్లు లేని దిక్కు లేదు, సీజన్‌లో ఊరంతా ఒక కింది స్వరం మీద నిలబడి ఉంటుంది. ధాన్యం ఎక్కే ఎలివేటర్ రేకు మీద దుమ్ము తుడిచి కాంటాక్ట్ మైకు (గాలిలోంచి కాక, అతికించిన వస్తువు వణుకులోంచి శబ్దం పట్టేది) అతికించి వింటే, బయట చెవికి ఒకటే హోరుగా ఉన్నది లోపల రెండుగా విడిపోతుంది: బెల్టు మీద బకెట్లు తిరుగుతూ పడే దబ్ దబ్, దానిపైన గింజలు రేకుకి తగిలే సన్నటి జల్లు. ఆ దబ్బులు ట్రిగ్గరై సింథ్ ఎన్వలప్‌ని (శబ్దం లేచి పడే తీరుని నడిపే భాగం) కొడతాయి, జల్లు ఎక్కువైనప్పుడల్లా ఫిల్టర్ తెరుచుకుంటుంది. పిచ్ పట్టే భాగం ఇంత చిక్కటి శబ్దంలో స్వరం దొరక్క పైకీ కిందికీ గెంతుతూ ఉంటుంది, ఆ గెంతులే నా పీసుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోట్లు. "మిషన్ల చప్పుడు ఇంటికి పట్టుకపోయి ఏం జేస్తవ్‌రా అల్లుడా" అని మామ అడిగితే హెడ్‌ఫోన్ పెట్టి మిల్లు రికార్డింగు వినిపించిన. కాసేపు కళ్లు మూసుకుని విని, బెల్టు ఒకవైపు రేకుకి రాసుకుంటుంది చూడు అన్నాడు. నిజంగానే రాసుకుంటోంది. వినడం తెలిసినవాళ్లు మిల్లుల్లోనే ఉన్నారు.

కాంటాక్ట్ మైకు కొనక్కర్లేదు. 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల (వణుకుని వోల్టేజిగా మార్చేది), కొంచెం షీల్డెడ్ కేబుల్, ఒక జాకు చాలు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా వెళ్తే సామాను దొరుకుతుంది. చాలామంది "పీజో సౌండు రేకు డబ్బాలా ఉంది" అని పక్కన పడేస్తారు, తప్పు పీజోది కాదు. అది ఒక కెపాసిటర్ లాంటిది, సుమారు 20 నానోఫారడ్లు. 10 కిలో ఓముల లైన్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసుకుపోతుంది. అదే ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్‌కి పెడితే 8 హెర్ట్జ్ దాకా దిగుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) మీద గిటార్ కోసం ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కండి, అంతే, మిల్లు మొత్తం గదిలోకి వచ్చేస్తుంది.

బడ్జెట్ తక్కువైతే సింథ్ కూడా పక్కన పెట్టి, ఎఫ్ఎక్స్ సెండ్ (శబ్దాన్ని బయటి ఎఫెక్ట్‌కి పంపే అవుట్‌పుట్) ఉన్న చిన్న అనలాగ్ మిక్సర్ కొనండి. దాని అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపి ఫీడ్‌బ్యాక్‌తో వాయించొచ్చు. జపాన్‌లో తోషిమారు నకమురా ఏళ్లుగా దీన్నే వాయిద్యంగా వాయిస్తున్నారు. ట్రెబుల్ నాబ్ వెంట్రుకవాసి కదిపితే ఈల కాస్తా గురకగా మారుతుంది. ఒక్క నాబ్ దగ్గర గంట గడిచిపోతుంది. అయితే ఫీడ్‌బ్యాక్ ఎప్పుడు ఎగబాకుతుందో చెప్పలేం, స్పీకర్ల ముందు లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) లేకుండా మొదలుపెట్టొద్దు. చెవులకి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు పరిమితి అంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే.

గది గురించి ఎక్కువ చెప్పను. నాది పదడుగులు పన్నెండడుగుల స్లాబు గది, ఆ కొలతలకి 56, 47 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది, అంటే కరెంటు హమ్‌కి రెండు పక్కలా. మూలల్లో రాక్‌వూల్ దిమ్మలు, వెనక గోడకి పాత దూది పరుపులు నిలబెట్టాక మారింది. గుడ్ల ట్రేలు బేస్‌ని ఏమీ చేయవు. ఊక బస్తాలు ఉచితంగా వస్తాయి కదా అనొచ్చు, పురుగు, నిప్పు భయం, వద్దు. ఇవన్నీ గది లోపలి సౌండుకే, పక్కింటికి చప్పుడు ఆగదు. రాత్రి పదికి స్పీకర్లు ఆపి హెడ్‌ఫోన్‌కి మారతాను. నివాస ప్రాంతాలకు చట్టం పెట్టిన పరిమితి రాత్రిపూట 45 డెసిబెల్స్, పగలు 55.

ఎండాకాలం ఆసిలేటర్లు నిలకడగా ఉండవు. కూలర్ వేసిన గదిలో శ్రుతి పెట్టి, కూలర్ ఆపేస్తే అరగంటకి శ్రుతి జారిపోతుంది. డ్రోన్ (ఒకే స్వరాన్ని సాగదీసే సంగీతం) చేసేవాళ్లకి ఇది వరమే, 100 హెర్ట్జ్ మీద ఒకటి, అర హెర్ట్జ్ పైన ఇంకొకటి ఉంటే రెండు సెకన్లకోసారి అల వస్తుంది, గది వేడెక్కేకొద్దీ ఆ అల వేగం దానంతటదే మారుతుంది. దుమ్ము మాత్రం శత్రువే. మిల్లు దుమ్ము నాబ్‌ల సందుల్లోకి పోతే తిప్పినప్పుడు అవి కరకరమంటాయి. వాడనప్పుడు పాత కాటన్ లుంగీ కప్పుతాను, ఏడాదికోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టిస్తాను.

ఇది మనకు పరాయి వ్యవహారం అనేవాళ్లకి ఒక మాట. ఫ్యాక్టరీ చప్పుడు సంగీతంలోకి రావాలని ఇటలీలో లుయిజి రుస్సోలో రాసింది 1913లో. అహ్మదాబాద్ ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ స్టూడియో పెట్టింది 1969లో, అందులో మనవాళ్లే టేపుల మీద పీసులు చేశారు.

ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే వరుస ఇది: ఎర్తింగ్, తర్వాత సైన్ వేవ్ ఇన్వర్టర్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి క్లోజ్డ్ హెడ్‌ఫోన్, పీజో బిళ్లలు, చిన్న మిక్సర్. ప్యాచింగ్ నేర్చుకోడానికి వీసీవీ ర్యాక్ (కంప్యూటర్‌లో నడిచే సింథ్ సాఫ్ట్‌వేర్) ఉచితం, కొన్ని నెలలు దానితో గడిపి, వైర్లు పీకి పెట్టే పని నిజంగా నచ్చితేనే సింథ్‌కి వెళ్లండి. నా తర్వాతి పని చేనేత ఊరు పుట్టపాక వైపు మగ్గాల మీద పీజో పెట్టి నాడె దెబ్బల్ని ట్రిగ్గర్‌గా తీసుకోవడం. గుంట మగ్గం చెక్క రేకులా కాదు, దెబ్బని మింగేస్తుంది, కాబట్టి బిళ్లని చెక్కకి స్క్రూతో బిగించి చూడాలనుకుంటున్నా. మగ్గం మీద ఎవరైనా ఇప్పటికే రికార్డ్ చేసి ఉంటే ఎక్కడ బిగించారో చెప్పండి.