తారషడ్జం (పై స్థాయి ‘స’) దగ్గర గొంతు విరుగుతుంటే ఏ సాధన మేలు? ఎక్కుతూనా, దిగుతూనా, స్ట్రాతోనా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు భజన మండళ్లలో హార్మోనియం ఏ శ్రుతికి పెడితే ఆడా మగా అంతా దానికే పాడాలి. 4 శ్రుతి, అంటే ఎఫ్ మెట్టు ‘స’గా పెట్టారనుకోండి, చాలామందికి తారషడ్జం సరిగ్గా గొంతు విరిగే చోటే పడుతుంది. కొందరు అరిచి గట్టెక్కుతారు, కొందరు ఠక్కున దొంగ గొంతులోకి, అంటే సన్న గొంతులోకి దూకుతారు.

కింది స్వరాల్లో స్వరతంత్రులు పొట్టిగా, మందంగా ఉండి గట్టిగా కలుసుకుంటాయి. అది నిండు గొంతు. పైకి వెళ్లేకొద్దీ వాటిని సాగదీసే కండరం పని పెరగాలి, మందాన్నిచ్చే కండరం కొద్దికొద్దిగా పట్టు సడలించాలి. చివరిదాకా బిగపట్టి ఒక్కసారిగా వదిలేస్తే గొంతు విరుగుతుంది. 1 శ్రుతిలో (సి) పాడే మామూలు మగ గొంతుకు ఈ చోటు మధ్యస్థాయి నిషాదం నుంచి తార గాంధారం దాకా ఉంటుంది. 5 శ్రుతిలో (జి) పాడే ఆడవాళ్లకు మధ్యస్థాయి ధైవత, నిషాదాల దగ్గర వస్తుంది. శ్రుతి మారిస్తే విరిగే స్వరం పేరు మారుతుంది గానీ ఆ ఎత్తు పెద్దగా మారదు. అందుకే శ్రుతి తగ్గించడం ఆ రోజు కచేరీకి పనికొస్తుంది, సాధనకు పనికిరాదు.

ఎక్కుతూ సాధన

కర్ణాటక సంగీతం తొలి పాఠాలైన సరళి వరుసలు, జంట వరుసలు ‘ఆ’ అంటూ పైకి పాడించడం అందరికీ తెలిసిన పద్ధతి. స్వరస్థానం కుదరడానికి, దమ్ముకు దీన్ని మించింది లేదు. నిండు గొంతుకూ సన్న గొంతుకూ మధ్య అతుకు తెలియకుండా చేయడానికి మాత్రం మూడింటిలో ఇదే బలహీనం. ఎత్తు పెరిగేకొద్దీ మనిషి తెలియకుండానే బిగ్గరగా పాడతాడు, కింది బరువునంతా మోసుకుంటూ పైకి పోతాడు. కంఠమణి మీద వేలు పెట్టి చూడండి. తార రిషభానికి అది గడ్డం కిందికి ఎగబాకుతుంటే, గడ్డం కూడా పైకి లేస్తుంటే, ఆ సాధన విరుపును ముదరబెడుతోందన్నమాట.

ఇక్కడివాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఒడియాలో అకారాన్ని పెదాలు కాస్త గుండ్రం చేసి పలుకుతారు. జగన్నాథ అన్నది మన చెవికి ‘జొగొన్నాథొ’లా వినిపిస్తుంది. తార రి, గ దగ్గర ‘ఆ’ను ఆ ఒడియా అకారం వైపు ఒక వాసి తిప్పితే చాలు. నోరు బార్లా తెరిచిన ‘ఆ’ గొంతును అరుపు వైపు లాగుతుంది, గుండ్రమైనది లాగదు. సాహిత్యం వినేవాళ్లకు తేడా తెలియనంత కొంచెమే తిప్పాలి.

దిగుతూ సాధన

ఎక్కే సాధనకన్నా ముందు చేయవలసింది ఇదే. తార పంచమం దగ్గర, లేదా సన్న గొంతు సులువుగా పలికే చోట, ‘ఊ’ అని మెల్లగా అందుకోండి. ప మ గ రి స ని ద ప అని ఒకే ఊపిరిలో, నాలుగైదు సెకన్లలో, మెట్లు వినపడకుండా జారండి. కిందికి వస్తూ శబ్దం పెంచకూడదు. బరువు దానంతటదే వచ్చి కలుస్తుంది. ఎక్కడో ‘టక్’మని పడితే మొత్తం మళ్లీ పాడొద్దు. ఆ స్వరానికి రెండు స్వరాలు పైకి వెళ్లి, ఇంకా మెల్లగా ఆ ఒక్క చోటే దాటండి. ‘ఊ’లో కుదిరాక ‘ఓ’, చివరగా ‘ఆ’. పూటకు పది నిమిషాలు చాలు.

దీనికీ లోపం ఉంది. కొందరికి పై గొంతు గాలి కొట్టుకుంటూ ‘హూ’మని బోలుగా వస్తుంది. వాళ్లు ఎన్నిసార్లు జారినా ఆ గాలి కిందికి దిగుతుందే గానీ గొంతులు కలవవు. వాళ్లకు ముందు స్ట్రా కావాలి.

స్ట్రాతో

కొబ్బరిబొండానికి ఇచ్చే స్ట్రా సరిపోతుంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొస రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం ముంచి, అందులోకి ‘ఊ’ అని పలుకుతూ మంద్ర (కింది స్థాయి) పంచమం నుంచి తారషడ్జం దాకా జారి, తిరిగి రండి. బుడగలు ఒకే తీరుగా రావాలి. నీళ్లు ఎగిరిపడితే ఊపిరి తోస్తున్నారు, బుడగలు ఆగితే గొంతు బిగించారు. ముక్కు మూసి చూస్తే శబ్దం మారకూడదు. మారితే గాలి ముక్కు గుండా జారిపోతోంది. నోట్లో వెనక్కి తన్నే ఒత్తిడి వల్ల స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోవు, అందుకే విరిగే చోటు కూడా సాఫీగా దాటుతుంది. చిక్కల్లా ఒకటే: స్ట్రా తీసిన వెంటనే పాత అలవాటు తిరిగొస్తుంది. అందుకని మూడుసార్లు స్ట్రాలో, వెంటనే ఒకసారి నోటితో, అదే పంక్తి పాడాలి.

ఎవరికి ఏది?

భజన, శాస్త్రీయం పాడేవాళ్లు స్ట్రాతో గొంతు వేడెక్కించి, దిగుతూ సాధన చేసి, ఆ తర్వాతే సరళి అందుకోవాలి. పద్యనాటకాల వాళ్ల సంగతి వేరు. రాగం పైన తీసినప్పుడు నిండు గొంతు ఖణీమని మోగాలని జనం కోరతారు. పూర్తిగా సన్నబరిస్తే పద్యం చప్పబడుతుంది. వాళ్లకు ఎక్కుతూ సాధనే ముఖ్యం, కాకపోతే అకారం గుండ్రం చేసి, గడ్డం దించి. నాటకం ముగిశాక అయిదు నిమిషాలు స్ట్రా ఊదితే మర్నాడు బొంగురు తగ్గుతుంది. బొంగురు మూడు వారాలు దాటి నిలిస్తే ఏ సాధనా చేయకుండా గొంతు డాక్టరుకు చూపించాలి.