సెకండ్ హ్యాండ్ స్మార్ట్ ట్రైనర్ కొంటున్నారా? మూల దుప్పటి కింద ఏముందో కూడా చూసుకోండి

మినియాపోలిస్ చుట్టుపక్కల ఉండి, ఈ చలికాలానికి ట్రైనర్ (మన సైకిల్‌నే బిగించి ఇంట్లో కదలకుండా తొక్కే మెషీన్) కోసం వెతుకుతున్న మనవాళ్ళందరికీ. మన అమ్మకాల గ్రూపులో "ఒక్క సీజన్ వాడింది, 450 డాలర్లు, బేరం లేదు" అని పోస్ట్ పెట్టిన ఆయన ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. రాస్తే గ్రూపులోంచి నన్నే తీసేస్తారు, అడ్మిన్ ఆయన బావమరిది. నిన్న రాత్రి ఆయనతో ఫోన్లో మాట్లాడాక నిద్ర పట్టలేదు, ఆ కోపంలోనే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

వచ్చే మే నెలలో జరిగే వంద మైళ్ళ రైడ్‌కి పేరిచ్చాను. అక్టోబర్ దాకా మిడ్‌టౌన్ గ్రీన్‌వే సైకిల్ దారి మీద తొక్కాను, మంచు మొదలయ్యాక నా వల్ల కాలేదు (జనవరిలో మైనస్ ఇరవైలో కూడా తొక్కే మహానుభావులున్నారు, వాళ్ళకో దండం). మేముండేది మూడో అంతస్తు. వెనక టైరుని రోలర్‌కి ఆనించి తొక్కే రకం చౌకే కానీ ఆ హోరుకి కిందింటివాళ్ళు పైకొస్తారు, టైరూ అరిగిపోతుంది. అందుకే వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా మెషీన్ మీదున్న క్యాసెట్‌కి (గేర్ల పళ్ళచక్రాల కట్ట) తగిలించే డైరెక్ట్ డ్రైవ్ కావాలనుకున్నా. కొత్తది కొనడానికి చెయ్యి రాలేదు. అక్కడే దొరికిపోయాను.

ఆయన ఇంటికెళ్తే బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళాడు. వదినగారు అల్లం టీ, చేగోడీలు తెచ్చారు. మాది తెనాలి అంటే "మా అత్తగారిదీ అదే" అన్నాడు. ఇంకేముంది, అన్నా తమ్ముడూ అయిపోయాం. ట్రైనర్ ప్లగ్గు పెట్టి, చేత్తో ఫ్లైవీల్‌ని ఒక్క తిప్పు తిప్పి, "చూడు తమ్ముడూ, పిల్లి నడిచినట్టు లేదూ" అన్నాడు. చేత్తో తిప్పితే ఏ చక్రమైనా పిల్లిలాగే ఉంటుంది. మనిషి ఎక్కి తొక్కి, రెసిస్టెన్స్ పెరిగినప్పుడు కదా లోపలి బెల్టు మీద భారం పడేది! నా సైకిల్ కారులోనే ఉంది. తెచ్చి బిగించి ఓ పావుగంట తొక్కి చూస్తానని నోటిదాకా వచ్చింది. కానీ వాళ్ళ టీ తాగుతూ, వాళ్ళ చేగోడీ నములుతూ, మనిషిని నమ్మనట్టు ఎలా అడుగుతాం అని ఊరుకున్నా. నా మొహమాటం ఖరీదు 450 డాలర్లు.

ఇంకోటి వినండి. అదే బేస్‌మెంట్‌లో ఓ మూల ఏదో దుప్పటి కప్పి ఉంది. దాని ముందు స్టూల్ మీద ట్యాబ్, దానివైపే తిరిగిన ఫ్యాన్, కింద చెమట మరకల మ్యాట్. "అదేంటన్నా" అని అడిగాను కూడా. "పాత ట్రెడ్‌మిల్‌లే" అన్నాడు. మోకాలెత్తు ట్రెడ్‌మిల్ ఎక్కడైనా ఉంటుందా? సరే అని తలూపి, బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే జెల్ (Zelle)లో డబ్బులు పంపేశా.

ఇంటికొచ్చి బిగిద్దామంటే సైకిల్ పట్టలేదు. వెనక చక్రం ఇరుసు నాది 142 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ రకం, ఆయనిచ్చినవి పాత క్విక్ రిలీజ్ రకం ఇరుసుకి పట్టే అడాప్టర్లు. గేర్లేమో శ్రామ్ కంపెనీ 12 స్పీడ్, దానికి ఎక్స్‌డీఆర్ రకం ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) ఉండాలి, మెషీన్‌కి ఉన్నది షిమానో రకం. "అన్ని సైకిళ్ళకీ పడుతుంది" అని ఆయన అంటే నమ్మాను, అది పూర్తిగా నా బుద్ధి తక్కువ. అడాప్టర్లు, ఫ్రీహబ్, క్యాసెట్ కలిపి ఇంకో 210 డాలర్లు వదిలాయి.

మొదటి రెండు రోజులు మాత్రం స్వర్గం. తొక్కే బలాన్ని వాట్లలో చూపించే జ్విఫ్ట్ ఆప్‌లో 250 వాట్లు చూపిస్తోంది, నాకు ఊపిరి కూడా అందుతోంది! ఇంట్లో అందరికీ చెప్పుకున్నా, ఇండియాలో అమ్మకి వీడియో కాల్ చేసి మరీ చూపించా. మూడో రోజు మా ఫ్రెండ్ ఆ బలాన్నే కొలిచే తన పవర్ పెడల్స్ తెచ్చి పెడితే అవి 190 అన్నాయి. చైన్‌లో పోయే కాస్త పోగా ట్రైనర్ మామూలుగా పెడల్స్ కంటే కొద్దిగా తక్కువే చూపించాలి. ఇది అరవై ఎక్కువ చూపిస్తోంది. స్పిన్‌డౌన్ క్యాలిబ్రేషన్ (వేగంగా తొక్కి వదిలేసి మెషీన్ కొలతని సరిచేసుకోవడం) చేద్దామని ఆప్ చెప్పిన వేగం దాకా తొక్కుతుంటే లోపల ఏదో కీచుమని జారింది, రబ్బరు కాలిన వాసన. కవర్ విప్పబోతే స్క్రూల తలలు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి, ఎవరో చాలాసార్లు విప్పారన్నమాట. లోపల బెల్టు అంచు పీచులు పీచులుగా ఉంది, ఇనుప భాగాల మీద తెల్లగా చెమట పేరుకుపోయింది. వాళ్ళింటి ఉప్పు తిన్నానని మొహమాటపడ్డా కదా, మెషీన్ నిండా వాళ్ళింటి ఉప్పే.

సీరియల్ నంబర్‌తో కంపెనీకి ఫోన్ చేశా. మొదట కొన్నవాళ్ళకే వారంటీ అన్నారు, అది సరే. తర్వాత ఆ అమ్మాయి, "ఇది పోయిన మార్చిలోనే పాడైందని నమోదైంది, దీని బదులు కొత్తది పంపేశాం, దీన్ని పారెయ్యమన్నాం" అంది. అప్పుడు గుర్తొచ్చింది దుప్పటి.

వెంటనే ఆయనకి ఫోన్ కొట్టా. ఎత్తాడు. "అన్నా, ఇది పారెయ్యమన్న మెషీనంట కదా" అన్నా. కాసేపు మాట లేదు. వెనకాల ఫ్యాన్ హోరు, సన్నగా చైన్ తిరుగుతున్న చప్పుడు. తొక్కుతూ మాట్లాడుతున్నాడండీ మనిషి! కొత్త దాని మీద!

ఆయాసపడుతూ, "తమ్ముడూ, నువ్వెంత బరువుంటావ్?" అన్నాడు.

"ఎనభై ఎనిమిది కిలోలు" అని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

"అదీ సంగతి. నేను డెబ్బై రెండు. అంత బరువు మీదేస్తే అదేం చేస్తుంది పాపం" అన్నాడు. ఇలాంటి ట్రైనర్లు 110 కిలోలకి పైనే మోస్తాయి, ఆయనకీ తెలుసు. నేను డబ్బుల మాట ఎత్తేలోపే "సెకండ్ హ్యాండ్ అంటే సెకండ్ హ్యాండే తమ్ముడూ, గట్టిగా తొక్కే ఇంటర్వెల్ మొదలైంది, మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు, బ్లాక్ చేశాడు. గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ పది నిమిషాల్లో మాయం.

డబ్బులు పోతే పోయాయి, "నువ్వెంత బరువుంటావ్" అన్న మాట మాత్రం చెవిలోంచి పోవట్లేదు.

కొనేవాళ్ళు మీ సైకిల్ తీసుకెళ్ళి బిగించి, చెమట పట్టేదాకా తొక్కి చూడండి. సీరియల్ నంబర్ ముందే అడిగి కంపెనీకి ఫోన్ చెయ్యండి, అసలు బిల్లు అడగండి. జెల్‌లో పంపింది వెనక్కి రాదు, పేపాల్ అయినా ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద వద్దు, కొనుగోలు కిందే పంపండి.

ఎవరి దగ్గరైనా పాతదైనా సరే పనిచేసే ట్రైనర్ ఉంటే ఇన్‌బాక్స్ చెయ్యండి. అరగంట తొక్కి చూశాకే డబ్బులు. టీ వద్దు.