రాసుకపోయేటోళ్లా, రాసుకునేటోళ్లా? ఊరి సర్వే ఎవరు చేస్తే మేలు

"మా బోరు నీళ్లు పట్టుకపోయిన్రు. మా పిలగాండ్ల పండ్లు ఫొటోలు తీస్కపోయిన్రు. మూత్రం గూడ సీసాలల్ల పట్టుకపోయిన్రు. ఏం తేలిందో ఒక్కలన్న మళ్లొచ్చి చెప్పిన్రా బిడ్డా?"

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ వైపు ఒక ఊళ్లో కూలీల సంఘం మీటింగ్‌లో ఒక పెద్దమ్మ అడిగిన మాట ఇది. అప్పుడు మా దగ్గర ఎవరికీ జవాబు లేదు. ఆ రోజు మేం కూర్చున్నదే ఆ నీళ్లతో ఎంతమంది దెబ్బతిన్నారో తేల్చే సర్వే గురించి. సోమవారం కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి ఎంత గోడు చెప్పుకున్నా "ఎంతమందికి? ఎప్పటి నుంచి? లెక్క ఏది?" అంటారు. ఆ లెక్క ఎవరు తీయాలన్న దగ్గర మూడు దారులు కనిపించాయి. యూనివర్సిటీనో, పెద్ద సంస్థనో పిలవడం ఒకటి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆఫీసు రికార్డు తీయడం రెండోది. ఊరి వాళ్లే పెన్నూ కాగితం పట్టుకోవడం మూడోది. మూడింటినీ దగ్గర నుంచి చూశాను కాబట్టి నాకు అనిపించింది రాస్తున్నాను.

ముందు బయటి వాళ్ల సంగతి. వాళ్ల పని తక్కువదని అనను. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, ఉందని 1940లలోనే డాక్టర్లు రాశారు. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేశారు. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. మన జిల్లా పేరు అట్లా ప్రపంచమంతటి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కానీ పేరు ఎక్కినంత తొందరగా నీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం కొట్లాడిన జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే నల్లగొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. అప్పుడు దేశం మొత్తం ఇటు తిరిగి చూసింది. అప్పటికి యాభై ఏళ్ల పరిశోధన ఉంది. లేనిది పరిశోధన కాదు, దాన్ని పట్టుకుని నిలబడే జనం చేతికి అది అందడం. నా వాదనంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అయినా కొన్ని పనులు వాళ్లే చేయాలి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ల్యాబ్ చెప్పాలి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. రంగు మారేదాన్ని చూసి చెప్పే ఫీల్డ్ కిట్‌తో అందాజా తెలుస్తుంది. ఇంటింటికీ నల్లా ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు ఆ కిట్ నేర్పాలని ఉంది కూడా. కానీ ఆఫీసులో నిలబడేది గుర్తింపు పొందిన ల్యాబ్ కాగితమే. ఎముకలు ఎంత గట్టిపడ్డాయో ఎక్స్‌రే చదివే డాక్టరే చెప్పాలి. 2003 ఆగస్టులో లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనుల మీద పెద్దఅడిశర్లపల్లిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఊళ్ల ముందుకు వచ్చింది పర్యావరణ ప్రభావ నివేదిక. అటువంటిది విప్పి చదివి, ఏ పేజీలో ఏం దాచారో చూపించాలంటే సైన్స్ తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిందే.

బయటి సర్వేతో తంటా అంతా ప్రశ్నల దగ్గర వస్తుంది. ఫారం హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో తయారవుతుంది. మా ఊరికి వచ్చిన ఒక టీమ్ స్కూలుకు పోయి పిల్లల పళ్లు చూసింది. పళ్ల మీద గోధుమ రంగు గీతలు ఉంటే ఫ్లోరోసిస్ అని రాసుకుంది. తప్పేం కాదు. కానీ ఆ మరకలు పడేది శాశ్వత దంతాలు తయారయ్యే చిన్న వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లతో. వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన మనిషికి పళ్లు తెల్లగానే ఉంటాయి. ఇరవై ఏళ్లు ఇక్కడి బోరు నీళ్లు తాగాక నడుము వంగదు, మోకాళ్లు ముడవవు, కూర్చుంటే లేవలేదు. ఆమె ఏ లెక్కలోనూ లేదు. తర్వాత మా సంఘం ఆడవాళ్లు తయారు చేసిన ఫారంలో రెండో ప్రశ్న "మీ తల్లిగారి ఊరు ఏది?" అని ఉంది. దాని వెనుక ఎంత తెలివి ఉందో నాకు చాలా రోజుల దాకా అర్థం కాలేదు.

ఇంకొకటి ఇంతకన్నా పెద్దది. ఇప్పుడు చాలా ఇళ్లలో నల్లా ఉంది, కృష్ణా నీళ్లు వస్తున్నాయి. సర్వే వాళ్లు ఇంటికి వచ్చి "తాగేది ఏ నీళ్లు?" అంటే "నల్లా నీళ్లే" అంటారు. అబద్ధం కాదు. కానీ పొద్దున ఏడింటికి పత్తి ఏరడానికి పోయే కూలి మనిషి సాయంత్రం దాకా తాగేది ఎవరి నీళ్లు? ఆ చేను ఆసామి మోటరు నీళ్లు. ఎండకాలం ఎన్ని చెంబులు తాగుతుందో లెక్కేసుకోండి. మన గ్రానైట్ రాయిలో ఎంత లోతుకు బోరు వేస్తే ఫ్లోరైడ్ చాలా చోట్ల అంత ఎక్కువ. కూలికి పోనోళ్లకు ఈ ప్రశ్న తట్టదు. ఎంత చదివినా తట్టదు.

ఆఫీసు రికార్డు గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది. 2005 సమాచార హక్కు చట్టం చేతిలో ఉన్న మంచి పనిముట్టు. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, కాగితాలే కాదు, రికార్డును మనమే కూర్చుని చూసుకోవచ్చు, పనిలో వాడిన సరుకు శాంపిల్ కూడా అడగవచ్చు. కానీ రికార్డు చెప్పేది ప్రభుత్వం ఏం రాసుకుందో మాత్రమే. నీళ్ల లెక్క ఆవాసం వారీగా ఉంటుంది. ఊరికి పైపు వచ్చిందంటే ఊరు మొత్తం లెక్కలో పడ్డట్టే. చివరి వీధిలో ప్రెషర్ రాదని, చేలో బోరు ఉందని ఆ కాగితానికి తెలియదు. కాబట్టి రికార్డు ఒక్కటే పెట్టుకుని పోరాడలేం. మన లెక్కను పక్కన పెట్టి చూపినప్పుడే దానికి పదును వస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం సెక్షన్ 17లో సామాజిక తనిఖీ పెట్టింది ఇందుకే. మన జిల్లాల్లో కూలీల కుటుంబాల పిల్లలే మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, జాబ్ కార్డుతో సరిచూసి, ప్రజావేదికలో మైకు పట్టుకుని చదివారు. కాజేశారని తేలిన సొమ్ములో రికవరీ అయ్యింది తక్కువే, అది నిజం. కానీ తన పేరు మీద ఎవరో డబ్బు తీసుకున్నారని నలుగురిలో విన్న మనిషి మళ్లీ మొదటిలా ఉండదు.

పాలమూరు వైపు వెళ్తే ఊరి సర్వే మేలు ఇంకా తేటగా కనిపిస్తుంది. కోస్గి, మద్దూరు, దామరగిద్ద పక్క ఊళ్లలో ముంబై, పుణె వలస తరాలుగా ఉంది. బయటి టీమ్ వాళ్ల బడ్జెట్ క్యాలెండర్ చూసుకుని ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. సగం ఇళ్లకు తాళం. ఫారంలో 'డోర్ లాక్' అని రాసి పక్కింటికి పోతారు. అసలు జవాబు ఆ తాళమే కదా! ఏ మేస్త్రీ వెంట పోయారు, అడ్వాన్స్ ఎంత తీసుకున్నారు, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలారా వెంట తీసుకుపోయారా అన్నది పక్కింటి మనిషికి తెలుసు. ఊరి వాళ్లు సర్వే చేస్తే వానలకు అందరూ తిరిగొచ్చే రోజులకు పెట్టుకుంటారు. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు లెక్కలో లేకుండా పోతామేమోనన్న టెన్షన్‌తో ముంబై నుంచి రైళ్లలో, బస్సుల్లో నిలబడి వచ్చారు మన జనం. రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని వచ్చి చెప్పిన వివరాలవి. నాకు తెలిసిన ఊళ్లలో ఆ లెక్కను జనం ముందు ఎవరూ చదివి వినిపించలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఊరి సర్వేకు లోపాలు లేవా? ఉన్నాయి, చిన్నవి కావు. మా మొదటి ప్రయత్నంలో బీసీ వాడ పిల్లలు ఎస్సీ వాడలోకి వెళ్లి గడప బయటే నిలబడి రాసుకొచ్చారు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. అట్లా నిలబడ్డ మనిషికి లోపలి మాట ఎవరు చెబుతారు? ఆ కాగితాలు పక్కన పెట్టి, ఎస్సీ వాడలో ఆ వాడ అమ్మాయిలతోనే మళ్లీ చేయించాం. ఊరి సర్వే అని పేరు పెట్టినంత మాత్రాన అది అందరిదీ కాదని అప్పుడే తెలిసింది. ఆసామి చేలో నీళ్ల గురించి కూలి మనిషి నోరు విప్పాలంటే అడిగేది ఆ ఆసామి బంధువై ఉండకూడదు. రోజంతా తిరిగే వాళ్లకు కూలి కట్టివ్వాలి. సేవ అని చెప్పి పేదింటి పిల్లల రోజును ఉచితంగా తీసుకోవడం అన్యాయం. ఇక ఆఫీసులో "మీకు సర్వే చేసే అధికారం ఎవరిచ్చారు?" అన్నవాళ్లూ ఉన్నారు.

ఒక విషయంలో మాత్రం ఊరి వాళ్లు చూపిన జాగ్రత్త నేను ఏ పెద్ద సంస్థలోనూ చూడలేదు. పెళ్లికాని ఆడపిల్లల పేర్లు రాయొద్దన్నారు. ఫ్లోరైడ్ ఊరి పిల్ల అంటేనే సంబంధాలు వెనక్కి పోయిన కాలం చూసిన తల్లులు వాళ్లు. పేర్లున్న నోట్‌బుక్ సంఘం పెట్టెలోనే ఉంది. బయటికి పోయింది మొత్తం సంఖ్యలే. లెక్క పూర్తయ్యాక గ్రామపంచాయతీ ముందు చదివారు. "ఆ బోరు నిరుడే ఎండింది, కొట్టెయ్", "మా అత్త పేరు రాలే" అంటూ అక్కడికక్కడే దిద్దించారు. ల్యాబ్‌లో రెండుసార్లు పరీక్ష చేసినట్టే ఇది.

అందుకే మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే తడబడకుండా ఊరి సర్వేనే అంటాను. మొదలు అక్కడే కావాలి. ప్రశ్నలు ఊరివి, తిరిగేది ఊరి వాళ్లు. ఆ తర్వాత రికార్డు తీసి పక్కన పెట్టాలి. రెండూ ఎక్కడ కలవడం లేదో అక్కడ మాత్రమే బయటి నిపుణుణ్ణి పిలవాలి, అదీ మన షరతులతో. ఫలితం తెలుగులో వచ్చి చెప్పాలి, ఫారాల నకలు ఊళ్లో ఉంచాలి, పేర్లు అడగొద్దు. ఒప్పుకోకపోతే వద్దనాలి. తమిళనాడు కడలూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల పక్క ఊళ్ల వాళ్లు 2004 నుంచి చేసింది ఇట్లాంటిదే. వాసన వచ్చినప్పుడల్లా తేదీ, టైమ్ రాసుకున్నారు, బకెట్‌లో సంచి పెట్టి గాలి శాంపిల్ పట్టారు. పరీక్ష మాత్రం ల్యాబ్ చేసింది. చౌటుప్పల్ చుట్టుపక్కల రాత్రిపూట ఘాటు వాసనతో కిటికీలు మూసుకునే వాళ్లు ఒక నోట్‌బుక్ ఇవాళే మొదలుపెట్టవచ్చు.

మా ఊళ్లో నీళ్ల శాంపిళ్లు పట్టేటప్పుడు ఇంటర్ చదివే ఇద్దరు అమ్మాయిలు వెళ్లారు. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే వాడాలని నేర్చుకున్నారు. ప్రతి సీసా మీద బోరు లోతు, తేదీ, ఏ చేను అన్నది రాశారు. ఫారం రాసేటప్పుడు మాత్రం మొదటి ప్రశ్న ఏది పెట్టాలో తేలలేదు. కుటుంబ పెద్ద పేరు అని ఒకరు, ఆధార్ నంబర్ అని ఇంకొకరు అన్నారు. మొదట్లో మమ్మల్ని నిలదీసిన పెద్దమ్మ అవి రెండూ వద్దంది. ఆమె చెప్పిందే ఆమె మాటల్లోనే ఫారంలో అన్నిటికన్నా పైన రాసుకున్నాం: "చేన్ల ఎవరి నీళ్లు తాగుతున్నవ్?"