రేడియో రిఫరెన్స్ డేటాబేస్: స్కానర్ వినేవారు ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ సరిచూసుకోవాలి

పోలీసు, అగ్నిమాపక వంటి సంస్థల రేడియో సంభాషణలను వినిపించే స్కానర్ అనే రిసీవర్ ఎంత ఖరీదైనదైనా, అందులో ఏ ఫ్రీక్వెన్సీలు నింపాలో తెలియనంత వరకు దాని వల్ల ప్రయోజనం లేదు. వెతికితే జాబితాలకు కొదవ ఉండదు. కానీ వాటిలో చాలావరకు ఒకదాన్ని చూసి మరొకటి ఎత్తిరాసుకున్నవే. ఆ ఫ్రీక్వెన్సీని ఎవరు విన్నారు, ఎప్పుడు విన్నారు, ఆ సంస్థ ఇప్పటికీ దాన్నే వాడుతోందా అన్న ప్రశ్నలకు అవి జవాబు చెప్పవు. ఈ ప్రశ్నల గీటురాయి మీద పెట్టి చూసినప్పుడు, అమెరికాలో, కెనడాలో వినేవారికి రేడియో రిఫరెన్స్ అనే వెబ్‌సైట్‌ను మించిన డేటాబేస్ నాకు కనిపించలేదు. అయితే అది ప్రభుత్వ రికార్డు కాదు. విన్నవారు పంపిన సమాచారాన్ని స్వచ్ఛంద నిర్వాహకులు పరిశీలించి చేర్చిన సంకలనం. ఆ సంగతి గుర్తుంచుకుని చదివేవారికే అది పూర్తిగా ఉపయోగపడుతుంది.

దాని అమరిక సులభంగా అర్థమవుతుంది. దేశం, రాష్ట్రం, కౌంటీ (జిల్లా వంటిది) అనే వరుసలో కిందికి వెళ్తే, ఆ కౌంటీలోని పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్, పురపాలక, రవాణా విభాగాల ఫ్రీక్వెన్సీలు విడివిడి పట్టికల్లో కనిపిస్తాయి. ఒక్కొక్క వరుసలో ఫ్రీక్వెన్సీతో పాటు లైసెన్సు కాల్‌సైన్ (స్టేషన్‌కు ఇచ్చిన గుర్తింపు అక్షరాలు), అది రిపీటరా (అందుకున్న సంకేతాన్ని తిరిగి ప్రసారం చేసేది) లేక బేస్ స్టేషనా అన్న సూచన, టోన్, చిన్న పేరు, వివరణ, మోడ్ (అనలాగా డిజిటలా వంటిది), ఏ పనికి వాడుతున్నారో తెలిపే ట్యాగ్ ఉంటాయి. కొత్తగా వచ్చినవారు ఫ్రీక్వెన్సీని, పేరును మాత్రమే చూసి మిగతావి వదిలేస్తారు. నిజానికి ఆ వరుస నమ్మదగినదో కాదో చెప్పేవి ఆ వదిలేసిన గడులే.

ముఖ్యంగా టోన్ గడిని చూడాలి. చాలా అనలాగ్ ఎఫ్ఎం ఛానళ్లలో స్వరంతో పాటు 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య ఒక సన్నని టోన్ నిరంతరం ప్రసారమవుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకునే రెండు సంస్థలను వేరుచేసేది అదే. పీ25 అనే డిజిటల్ రేడియో పద్ధతి వాడే ఛానల్ అయితే ఆ స్థానంలో ఎన్ఏసీ అనే కోడ్ ఉంటుంది, డీఎంఆర్ అనే మరో డిజిటల్ పద్ధతి అయితే కలర్ కోడ్, స్లాట్ సంఖ్య ఉంటాయి. ఈ విలువలు సాధారణంగా లైసెన్సు పత్రంలో కనిపించవు. ఎవరో ఒకరు రిసీవర్ ముందు కూర్చుని విని పట్టుకోవలసిందే. అందువల్ల టోన్ స్పష్టంగా రాసి ఉన్న వరుసను నేను ఎవరో నిజంగా విన్న వరుసగా పరిగణిస్తాను. ఆ గడి ఖాళీగా ఉండి, వివరణ కూడా పొడిపొడిగా ఉంటే, అది లైసెన్సు నుంచి నేరుగా దించిన వరుస కావచ్చునని భావించి, కొంతకాలం టోన్ పెట్టకుండా విని చూడడం మంచిది.

ఈ డేటాబేస్ అసలు విలువ ట్రంకింగ్ సిస్టమ్‌ల దగ్గర తెలుస్తుంది. ట్రంకింగ్‌లో ఒక్కో విభాగానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ అంటూ ఉండదు. కొన్ని ఫ్రీక్వెన్సీల సమూహాన్ని వందల టాక్‌గ్రూపులు (తమలో తాము మాట్లాడుకునే సిబ్బంది బృందాలు) పంచుకుంటాయి. ఎవరు ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడాలో కంట్రోల్ ఛానల్ చెబుతుంది. లైసెన్సులో ఆ ఫ్రీక్వెన్సీలన్నీ ఉంటాయి కానీ, ఏ టాక్‌గ్రూపు సంఖ్య ఏ అగ్నిమాపక కేంద్రానిది, ఏది పోలీసు డిస్పాచ్‌ది (సిబ్బందిని ఘటనాస్థలాలకు పంపే విభాగానిది), ఏది రోడ్ల మరమ్మతు సిబ్బందిది అన్నది ఉండదు. పీ25లో టాక్‌గ్రూపు సంఖ్య 65535 వరకు వెళ్లగలదు. ఆ సంఖ్యల వెనుక ఉన్న మనుషులెవరో తెలుసుకోవాలంటే వారాల తరబడి వినాలి, వారు పలికే యూనిట్ పేర్లను రాసుకోవాలి, వీధుల పేర్లను బట్టి ప్రాంతాన్ని ఊహించాలి, ఆ ఊహను మరొక రోజు మరొక సంభాషణతో పోల్చాలి. రేడియో రిఫరెన్స్‌లో కనిపించే టాక్‌గ్రూపు పట్టికల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇటువంటి శ్రమ. ఇంతటి ఓపికను ప్రతిఫలం ఆశించకుండా వెచ్చించినవారి పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది.

ట్రంకింగ్ పేజీలో సైట్‌ల (ట్రాన్స్‌మిటర్ కేంద్రాల) పట్టిక కూడా జాగ్రత్తగా రూపొందించబడింది. ప్రతి సైట్ కింద ఫ్రీక్వెన్సీలు వరుసగా ఉంటాయి. ప్రధాన కంట్రోల్ ఛానళ్లు ఎరుపు రంగులోను, ప్రత్యామ్నాయంగా వాడదగినవి నీలి రంగులోను కనిపిస్తాయి. పీ25 సిస్టమ్‌కు సాధారణంగా ఈ రంగు ఫ్రీక్వెన్సీలను మాత్రమే స్కానర్‌లో నింపితే సరిపోతుంది, మిగతావాటిని స్కానరే కంట్రోల్ ఛానల్ నుంచి తెలుసుకుంటుంది. టాక్‌గ్రూపుల మోడ్ గడిలో ఎన్‌క్రిప్షన్ (బయటివారు వినకుండా సంభాషణను గుప్తీకరించడం) గుర్తు కూడా ఉంటుంది: పెద్ద అక్షరంలో ‘ఈ’ ఉంటే పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయినట్టు, చిన్న అక్షరంలో ఉంటే అప్పుడప్పుడు మాత్రమే అయినట్టు. కొత్త స్కానర్ కొనాలనుకునేవారు ముందుగా ఈ గడిని చూడాలని నా గట్టి సలహా. తమ ప్రాంతంలోని పోలీసు టాక్‌గ్రూపులన్నిటికీ ఆ పెద్ద అక్షరం ఉంటే, ఎంత ఖరీదైన స్కానర్ కూడా వాటిని వినిపించలేదు.

ఇక తప్పులు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. మొదటి కారణం రిసీవర్ లోపలే ఉంటుంది. మధ్యంతర ఫ్రీక్వెన్సీ (అందుకున్న సంకేతాన్ని రిసీవర్ లోపల మార్చుకునే ఫ్రీక్వెన్సీ) 10.7 మెగాహెర్ట్జ్‌గా ఉన్న రిసీవర్‌లో, అసలు సంకేతానికి 21.4 మెగాహెర్ట్జ్ దూరంలో దాని నకలు వినిపించే అవకాశం ఉంటుంది. దీన్ని ఇమేజ్ అంటారు. దగ్గరలో బలమైన పేజర్ ట్రాన్స్‌మిటర్లు ఉంటే, రెండు సంకేతాలు రిసీవర్‌లో కలిసిపోయి, నిజానికి ఏ ప్రసారమూ లేని ఫ్రీక్వెన్సీలో మూడో సంకేతాన్ని పుట్టిస్తాయి. విన్నవాడు నిజాయతీగానే తాను విన్నది రాస్తాడు, కానీ ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరూ ప్రసారం చేయరు. నిర్వాహకులు అనుభవజ్ఞులైతే ఇటువంటివాటిని ఆపుతారు. అయినా అన్ని కౌంటీలలోను అంత చురుకైన నిర్వాహకుడు, అంతమంది శ్రోతలు ఉండరు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న ప్రాంతాల పేజీలు నిండుగా, తాజాగా ఉండగా, జనం పలచగా ఉన్న చోట్ల పేజీలు వెలవెలబోవడానికి కారణం ఇదే.

రెండో కారణం కాలం. సంస్థలు రేడియోలు మారుస్తాయి, జాబితాలు మారవు. పాత జాబితాను గుర్తుపట్టడానికి అమెరికాలో రెండు ఆనవాళ్లు చక్కగా పనికివస్తాయి. 150 నుంచి 174, 421 నుంచి 470 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలోని సంస్థలు 2013 జనవరి 1 నాటికి 25 కిలోహెర్ట్జ్ ఛానల్ వెడల్పు నుంచి 12.5 కిలోహెర్ట్జ్‌కు మారాలని అక్కడ రేడియో లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ గడువు విధించింది. కాబట్టి ఆ బ్యాండ్లలో ఇంకా వెడల్పు ఎఫ్ఎం అని రాసి ఉన్న పోలీసు ఛానళ్లను అనుమానించాలి. అలాగే 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను తిరిగి అమర్చాలని 2004లో వెలువడిన ఆదేశం ప్రకారం, 866 నుంచి 869 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న ప్రజాభద్రతా ఛానళ్లు 15 మెగాహెర్ట్జ్ కిందికి, అంటే 851 నుంచి 854 మధ్యకు జరిగాయి. 868 మెగాహెర్ట్జ్ దగ్గర పోలీసు రిపీటర్లను చూపించే పట్టిక ఎక్కడ కనిపించినా, దాన్ని పక్కన పెట్టవచ్చు. రేడియో రిఫరెన్స్ ట్రంకింగ్ పేజీల మీద చివరిగా ఎప్పుడు మార్చారో, ఏం మార్చారో ఉంటుంది. ఇది మెచ్చుకోదగిన విషయమే. కానీ ఆ తేదీ ఏదో ఒక మార్పుది. నిన్న ఒక టాక్‌గ్రూపు పేరు సవరిస్తే పేజీ తాజాగా కనిపిస్తుంది గాని, మిగతా వరుసలను నిన్న ఎవరూ సరిచూసినట్టు కాదు.

అందుకే ఎఫ్‌సీసీ వారి యూనివర్సల్ లైసెన్సింగ్ సిస్టమ్ అనే ఆన్‌లైన్ లైసెన్సు రికార్డును పక్కనే తెరిచి ఉంచుకోవాలి. అది ఉచితం, అధికారికం. కాల్‌సైన్ ఇస్తే లైసెన్సు ఎవరిదో, ఎప్పటివరకు చెల్లుతుందో, ట్రాన్స్‌మిటర్ ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందో, ఎంత శక్తికి అనుమతి ఉందో తెలుస్తుంది. ప్రసారం ఏ రకమైనదో తెలిపే ఎమిషన్ కోడ్ కూడా ఉంటుంది: 11కే2ఎఫ్3ఈ అంటే ఇరుకైన అనలాగ్ ఎఫ్ఎం స్వరం, 8కే10ఎఫ్1ఈ ఉంటే పీ25, 7కే60ఎఫ్ఎక్స్ఈ ఉంటే డీఎంఆర్ అని దాదాపు నిర్ణయించుకోవచ్చు. అయితే లైసెన్సు చెప్పేది అనుమతి ఉన్న సంగతిని మాత్రమే. దాని గడువు సాధారణంగా పదేళ్లు; ఆ పదేళ్లలో సంస్థ మరో సిస్టమ్‌కు తరలిపోయినా పాత లైసెన్సు అలాగే నిలిచి ఉండవచ్చు. అనుమతి ఉందని ఒకరు, విన్నామని మరొకరు చెప్పి, రెండూ ఒకదానికొకటి సరిపోయినప్పుడే నేను ఆ వరుసను స్కానర్ స్థిరమైన మెమరీలో పెడతాను.

ఆ రెండింటినీ కలిపే చక్కని సాధనం ఒకటి గాలిలోనే దొరుకుతుంది. అమెరికాలో ప్రజాభద్రతా, వ్యాపార స్టేషన్లు తమ కాల్‌సైన్‌ను నియమిత వ్యవధుల్లో ప్రసారం చేయవలసి ఉంటుంది, చాలా రిపీటర్లు దాన్ని మోర్స్ కోడ్‌లో పంపుతాయి. ఆ కొద్ది క్షణాల శబ్దాన్ని రికార్డు చేసి, నెమ్మదిగా విని అక్షరాలు రాసుకుని, ఎఫ్‌సీసీ సైట్‌లో వెతికితే, విన్నది ఎవరి ట్రాన్స్‌మిటరో సందేహానికి తావు లేకుండా తేలిపోతుంది. మోర్స్ నేర్చుకోవడానికి స్కానర్ అభిరుచి కంటే మంచి కారణం ఉండదని నాకనిపిస్తుంది.

ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సంస్థల విషయంలో మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. వాటి ఫ్రీక్వెన్సీల కేటాయింపు ఎఫ్‌సీసీ పరిధిలోనిది కాదు, ఎన్‌టీఐఏ అనే మరో ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది, ఆ కేటాయింపులు బహిరంగ లైసెన్సు రికార్డులో కనిపించవు. కాబట్టి రేడియో రిఫరెన్స్‌లోని ఫెడరల్ వరుసలు పూర్తిగా శ్రోతల మాట మీద ఆధారపడినవే.

డబ్బు విషయానికి వస్తే, డేటాబేస్‌ను చదవడానికి రుసుము లేదు. ప్రీమియం చందా కట్టినవారు సాఫ్ట్‌వేర్ ద్వారా ఆ సమాచారాన్ని నేరుగా దించుకోవచ్చు. కంప్యూటర్ మీద ట్రంకింగ్ వినడానికి వాడే ఎస్‌డీఆర్‌ట్రంక్ వంటి ప్రోగ్రాములు కూడా ఈ సదుపాయాన్ని వాడుకుంటాయి. యూనిడెన్ కంపెనీ స్కానర్లలో కొన్నింటికి సెంటినెల్ అనే సాఫ్ట్‌వేర్ ఇదే డేటాబేస్‌ను అందిస్తుంది, జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఇస్తే చాలు స్కానర్ పని మొదలుపెడుతుంది. పెద్ద ట్రంకింగ్ సిస్టమ్ ఉన్న ప్రాంతంలో చందా తప్పకుండా గిట్టుబాటవుతుంది, ఎందుకంటే వందల టాక్‌గ్రూపులను చేత్తో టైపు చేయడం వల్ల దొర్లే తప్పులే ఎక్కువ. నాలుగైదు అనలాగ్ ఛానళ్లు మాత్రమే ఉన్న చోట అది అనవసరం. ఎలా దించుకున్నా, అన్నిటినీ ఒకేసారి ఆన్ చేయకూడదు: చెత్త సేకరణ వాహనాల టాక్‌గ్రూపు దగ్గర స్కానర్ ఆగి ఉన్నప్పుడు అగ్నిమాపక డిస్పాచ్ దాటిపోతుంది.

ఉత్తర అమెరికా దాటితే ఈ డేటాబేస్ బలం బాగా తగ్గుతుంది. దేశాల పేజీలు ఉంటాయి గాని చాలాచోట్ల వరుసలు కొద్దిగానే ఉంటాయి. అక్కడ జాతీయ రిజిస్టర్‌నే మొదటి ఆధారంగా తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో ఏసీఎంఏ, బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థలు లైసెన్సు రిజిస్టర్లను ప్రజలకు అందుబాటులో ఉంచాయి. విమానాల సంభాషణ వినేవారికైతే ఇంకా మంచి ఆధారం ఉంది: ప్రతి దేశం వెలువరించే ఏఐపీ అనే వైమానిక సమాచార ప్రచురణ. టవర్, అప్రోచ్, గ్రౌండ్ ఫ్రీక్వెన్సీలన్నీ అందులో ఉంటాయి, ముఖ్యమైన మార్పులు 28 రోజుల చక్రంలో అమల్లోకి వస్తాయి. శ్రోతలు తయారుచేసిన ఏ జాబితా కూడా దానికి సాటిరాదు. సముద్ర బ్యాండ్‌లో 156.8 మెగాహెర్ట్జ్‌లోని 16వ ఛానల్ వంటివి అంతర్జాతీయంగా నిర్ణయమైనవి కాబట్టి అక్కడ అసలు సమస్యే లేదు.

ఫ్రీక్వెన్సీ జాబితాలో ఉన్నంత మాత్రాన దాన్ని వినే హక్కు వచ్చినట్టు కాదు. బ్రిటన్‌లో తమకు ఉద్దేశించని సందేశాలను కావాలని వినడం 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో కూడా కొన్ని రాష్ట్రాలు వాహనంలో స్కానర్ ఉంచుకోవడం మీద ఆంక్షలు పెట్టాయి. జాబితా తెరవడానికి ముందే తమ చోట చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి.

నాకు ఈ సేవలో నిజంగా కావాలనిపించేది ఒక్కటే: ప్రతి వరుస పక్కన దాన్ని చివరిగా విని ధ్రువీకరించిన తేదీ. పేజీ మొత్తానికి ఉన్న తేదీ కంటే అది ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది. అది వచ్చే వరకు సవరణలు పంపేవారే ఆ లోటు తీర్చాలి. ‘ఈ ఫ్రీక్వెన్సీ పోలీసులది’ అని ఒక్క ముక్కలో రాస్తే నిర్వాహకుడు దానితో చేయగలిగింది ఏమీ ఉండదు. ఏ రోజు ఏ వేళ విన్నారు, ఏ రిసీవర్‌తో, ఏ యాంటెన్నాతో విన్నారు, టోన్ లేదా ఎన్ఏసీ ఎంత వచ్చింది, ఏ యూనిట్ పేర్లు వినిపించాయి, మోర్స్‌లో ఏ కాల్‌సైన్ వచ్చింది, ఇమేజ్ కాదని 21.4 మెగాహెర్ట్జ్ పైన, కింద కూడా చూశారా అన్న వివరాలు జతచేసి పంపితే, అతను లైసెన్సుతో పోల్చి అదే రోజు పట్టికలో చేర్చగలడు.