వాగు ఒడ్డున గొడ్డలి ఎంత దూరంలో ఆగాలి? సాల్మన్ నీళ్ళ పక్కన అడవి నరికివేత: ఏది మేలు?

ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో అడవి నరకాలన్న ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా వాదన వెంటనే రెండుగా చీలిపోతుంది. ఒక్క చెట్టునూ ముట్టుకోవద్దని ఒక పక్షం అంటే, నాటితే మళ్ళీ పెరుగుతుంది కదా అని రెండో పక్షం అంటుంది. నిజానికి తేల్చవలసింది ఎంత నరకాలన్నదే కాదు, ఎక్కడ నరకాలి, ఏ దారిన కలప దింపాలి అన్నది కూడా. ముందున్న మార్గాలు నాలుగు: ఒడ్డు దాకా మొత్తం నరికివేయడం, ఒడ్డు వెంట చెట్ల పట్టీ వదిలి మిగిలింది నరకడం, అడవంతటా ఏరి కొన్ని చెట్లే కొట్టడం, అసలు నరకకపోవడం.

సాల్మన్ చేప మన పులసలాగే సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చి గుడ్లు పెడుతుంది. అయితే పులస గోదావరి వంటి పెద్ద నదిలో ఆగిపోతే, సాల్మన్ కొండవాగుల దాకా ఎక్కి, గులకరాళ్ళలో తోకతో గుంట చేసి గుడ్లు పూడ్చిపెడుతుంది. ఆ గుడ్లు నెలల తరబడి రాళ్ళ సందుల్లో పారే చల్లని నీటి ఆక్సిజన్ మీదే బతకాలి. సందుల్లోకి సన్నని మట్టి చేరినా, నీరు మరీ వేడెక్కినా పిల్ల నిలవదు. పైవాలులో చెట్టు పడటానికి, కింద చేప తగ్గటానికి సంబంధం ఇక్కడే ఉంది.

ఈ సంబంధాన్ని కొలిచి చూపిన ప్రయోగాల్లో అమెరికా పశ్చిమ తీర రాష్ట్రమైన ఒరెగన్ తీరపు కొండల్లో 1959 నుంచి 1973 దాకా జరిగిన ఆల్సీ పరిశోధన ముఖ్యమైనది. అక్కడ ఒకే వానలో తడిసే మూడు చిన్న వాగులను ఎంచుకుని, ఏడేళ్ళపాటు ఏమీ చేయకుండా కొలతలు తీసి, 1966లో నరికివేత జరిపి, తరువాత మరో ఏడేళ్ళు గమనించారు. ఫ్లిన్ క్రీక్‌ను తాకలేదు. డీర్ క్రీక్ పరీవాహక ప్రాంతంలో సుమారు పాతిక శాతాన్ని ముక్కలుముక్కలుగా నరికి, వాగు ఒడ్డున చెట్లు వదిలారు. నీడిల్ బ్రాంచ్‌లో మాత్రం ఒడ్డు దాకా నరికి, మిగిలిన కొమ్మారెమ్మలను తగలబెట్టారు. నీడ పోయిన నీడిల్ బ్రాంచ్‌లో నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు 14 డిగ్రీల సెల్సియస్ నుంచి మరుసటి వేసవికే 29 డిగ్రీలు దాటింది. సాల్మన్ పిల్లలు పెరిగే నీటికి నేడు ఒరెగన్ పెట్టుకున్న హద్దు 18 డిగ్రీలని గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. ఆ వాగులో సాల్మన్ కుటుంబానికే చెందిన కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు సుమారు మూడో వంతుకు పడిపోయాయి. ఒడ్డున చెట్లున్న డీర్ క్రీక్‌లో ఉష్ణోగ్రత చెప్పుకోదగినంతగా మారలేదు. మొదటి మార్గానికి తీర్పు అప్పుడే వచ్చేసిందని చెప్పవచ్చు. అడవుల్లో నరికివేత పద్ధతులను నియంత్రిస్తూ 1971లో ఒరెగన్ చేసిన చట్టం వెనుక ఈ ఫలితాల ఒత్తిడి ఉంది. తరువాత 2009లో అదే నీడిల్ బ్రాంచ్‌లో, ఈసారి చేపలుండే భాగం ఒడ్డున చెట్లు వదిలి నరికినప్పుడు వాగు మునుపటిలా వేడెక్కలేదు.

దీనితో రెండో మార్గమే గెలిచిందని కలప కంపెనీలు వాదిస్తాయి. వేడి మేరకు అది నిజమే. కానీ ఆల్సీ లెక్కల్లోనే మరో సంగతి ఉంది: డీర్ క్రీక్‌లో ఇంకా ఒక్క చెట్టూ పడకముందే, కేవలం లారీల బాట వేసినందుకే వాగులోకి వచ్చే మట్టి రెట్టింపయింది. ఒడ్డు పట్టీ ఎండను ఆపగలదు గాని, పైన కొండను తొలిచిన బాట నుంచి, సరిగా వేయని తూము నుంచి కిందికి కారే బురదను పూర్తిగా ఆపలేదు. అలాగే పట్టీ బయట నాటిన కొత్త మొక్కల దాహాన్నీ ఆపలేదు. ఒరెగన్‌లోని హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అరణ్యంలో నరికి నాటిన డగ్లస్ ఫర్ అనే సూదాకు చెట్ల తోటలకు ముప్ఫై నాలుగు నుంచి నలభై మూడేళ్ళ వయసు వచ్చేసరికి, ముసలి అడవి ఉన్న వాగులతో పోలిస్తే వేసవి ప్రవాహం సగానికి తగ్గినట్టు తేలింది. చేపకు నీరు అత్యవసరమైన ఋతువు కూడా అదే.

నష్టం ఆలస్యంగా బయటపడటం ఇంకో చిక్కు. కెనడాలోని వాంకూవర్ దీవిలో కార్నేషన్ క్రీక్ పరీవాహక ప్రాంతంలో 1976 నుంచి 1981 వరకు సుమారు 41 శాతం అడవిని నరికారు. నీరు కాస్త వేడెక్కడంతో కోహో అనే సాల్మన్ జాతి పిల్లలు ముందే గుంటల్లోంచి బయటపడి, త్వరగా ఎదిగాయి. మొదటి కొన్నేళ్ళే చూసినవారికి నరికివేత మేలు చేసినట్టే కనిపించి ఉండాలి. కానీ వాగు దిగువన గుడ్లు పెట్టే చమ్ అనే మరో సాల్మన్ జాతికి, గులకరాళ్ళలో సన్న ఇసుక చేరి, వరదల్లో అడుగు కొట్టుకుపోయి, గుడ్లు మిగలడం తగ్గిపోయింది. వాగులో పడి మడుగులు కట్టే పెద్ద దుంగల సంగతీ ఇలాగే ఆలస్యంగా అర్థమైంది. చేపల దారికి అడ్డమని ఒకప్పుడు అధికారులే వాటిని పీకించేవారు. ఇప్పుడు అవే దుంగలను డబ్బు పోసి మళ్ళీ వాగుల్లో వేయిస్తున్నారు. ఒడ్డున పెద్ద చెట్టే లేకపోతే రేపు వాగులో పడే దుంగ ఎక్కడి నుంచి వస్తుంది?

మూడో మార్గం, అంటే ఏరి కొట్టడం, వినడానికి అన్నిటికంటే సాధువుగా ఉంటుంది. వాలు మెత్తగా ఉన్నచోట, బాటలు ఇప్పటికే ఉన్నచోట, దట్టంగా పెరిగిన పాత తోటలను పలుచన చేయడానికి నేను దీనికే మొగ్గుతాను. కానీ అంతే కలప కావాలంటే మరింత విస్తీర్ణంలో తిరగాలి, మరిన్ని బాటలు ఎక్కువ కాలం తెరిచి ఉంచాలి. బురదకు మూలం బాటే అయినప్పుడు, నిటారు కొండల మీద ఏరి కొట్టడం వాగుకు మేలని చెప్పలేము.

నాలుగో మార్గానికి అసలైన చోటు అలాస్కా ఆగ్నేయాన దాదాపు 1.67 కోట్ల ఎకరాల టొంగాస్ జాతీయ అరణ్యం. సిట్కా, కెచికాన్ పట్టణాల్లోని కాగితపు గుజ్జు మిల్లుల కోసం అక్కడ దశాబ్దాలపాటు నరికారు. ఆ మిల్లులు 1993లో ఒకటి, 1997లో మరొకటి మూతపడ్డాయి. 1990 చట్టం సాల్మన్ వాగుల పక్కన కనీసం 100 అడుగుల పట్టీని తప్పనిసరి చేసింది. బాటల్లేని భాగాల్లో కొత్త బాటలు వేయరాదన్న 2001 నియమాన్ని టొంగాస్‌కు 2020లో ఎత్తివేసి, 2023లో తిరిగి పెట్టారు. ఆ నియమాన్నే పూర్తిగా రద్దు చేస్తామని 2025లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది. బాటలు పడని ముసలి అడవిలో ఉన్న చల్లని వాగును ఏ పట్టీ వెడల్పూ తిరిగి తయారుచేయలేదు కాబట్టి, అక్కడ నరకకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పటికే నరికి నాటిన ప్రైవేటు భూముల్లో ఆ మాట చెల్లదు. కలప వాడకం ఆగదు, ఆ ఊళ్ళలో బతుకులూ దానిపై ఉన్నాయి. అక్కడ రెండో మార్గాన్నే ఎంచుకోవాలి గాని, చేపలున్న వాగు పక్కనే పట్టీ గీసి ఊరుకుంటే చాలదు. చేపలుండని ఎగువ పిల్లవాగులకు, జారే స్వభావమున్న నిటారు వాలులకు కూడా చెట్లు వదలాలి. ఒరెగన్‌లో కలప కంపెనీలు, పర్యావరణ సంఘాలు ఒక ఒప్పందానికి వచ్చాక, 2022లో చేసిన చట్ట సవరణలు ఈ దిశలోనే ఉన్నాయి: చేపలుండే వాగులకు పట్టీ 110 అడుగుల దాకా పెరగడమే గాక, నిటారు వాలుల రక్షణ, పాత బాటల, తూముల మరమ్మతు కూడా వాటిలో చేరాయి. ఇకపై ఎవరైనా కొత్త నరికివేత పటం తెచ్చి చూపితే, నేను మొదట పట్టీ వెడల్పు కాదు, బాటల గీతలు ఏ వాలు మీదుగా పోతున్నాయో చూస్తాను.